ఒకే సమ్మర్‌లో నాలుగైదు క్లాసిక్ రాక్ షోలు: టికెట్ నుంచి పార్కింగ్ దాకా

అమెరికాలో ఉంటూ, క్లాసిక్ రాక్ అంటే ప్రాణం పెడుతూ, "ఈసారి కుదర్లేదు, వచ్చే ఏడాది చూద్దాంలే" అనే బ్యాచ్ మనలో చాలామందే ఉన్నారు. ఆ మాట మానేయండి. ఈ బ్యాండ్లలో మనం పేరు గుర్తుపట్టే మనుషులంతా డెబ్బైల్లో ఉన్నారు, కొందరు ఎనభై దాటారు. టామ్ పెటీ 2017 సెప్టెంబర్ 25న హాలీవుడ్ బౌల్‌లో టూర్ ఆఖరి షో వాయించి, అక్టోబర్ 2న చనిపోయారు. ఏరోస్మిత్ 2023 సెప్టెంబర్‌లో వీడ్కోలు టూర్ మొదలుపెడితే మూడు షోలకే స్టీవెన్ టైలర్ గొంతుకి దెబ్బ తగిలింది, తగ్గుతుంది తగ్గుతుంది అని టికెట్లు పట్టుకుని కూర్చున్నవాళ్లకి 2024 ఆగస్టులో ఇక టూర్లే లేవని చెప్పేశారు. బిల్లీ జోయెల్ కూడా అంతే, 2025 మేలో మెదడుకి సంబంధించిన సమస్య బయటపడి, ఒప్పుకున్న షోలన్నీ రద్దు చేసుకున్నారు.

అలాగని "ఫేర్‌వెల్ టూర్" అని పోస్టర్ మీద కనపడగానే కంగారుపడి రెండింతలు పెట్టి కొనక్కర్లేదు. ది హూ 1982లోనే వీడ్కోలు టూర్ చేశారు, మళ్లీ 2025లో ఇంకో వీడ్కోలు టూర్ చేశారు. ఈగల్స్ అయితే 2000ల మొదట్లో చేసిన టూర్‌కి "ఫేర్‌వెల్ 1" అని నంబర్ వేసి మరీ పేరు పెట్టారు. పోస్టర్ మాటలు పక్కన పెట్టి పాడేవాళ్ల వయసు, ఆరోగ్యం చూసుకోండి. ఎవరిని ముందు చూడాలో దాన్ని బట్టే తేలిపోతుంది.

నా లెక్క ఒకటే. స్టేడియంలో ముందు వరసల టికెట్ ఒకదానికి తగలేసే డబ్బుతో సమ్మర్ మొత్తం లాన్ టికెట్ల (సీట్ల వెనక గడ్డి మీద కూర్చుని చూసే చవక టికెట్లు) మీద తిరిగి రావచ్చు. నచ్చే బ్యాండ్లు పది ఉన్నప్పుడు ఒక్కదాని మీదే డబ్బంతా పెట్టేసి మిగతావి యూట్యూబ్‌లో చూసుకోవడం నాకైతే బుద్ధిగా అనిపించదు. ప్రాణమైన బ్యాండ్ ఒక్కటి ఉంటే దానికి మంచి సీటు కొనండి, మిగతావన్నీ గడ్డి మీద నుంచే చూడండి.

ముందు లిస్టు. ఇందులో రాసుకోవాల్సింది మీకు నచ్చిన బ్యాండ్లన్నీ కాదు, ఈ సమ్మర్ నిజంగా తిరుగుతున్నవి. బ్యాండ్స్‌ఇన్‌టౌన్, సాంగ్‌కిక్ లాంటి యాప్‌లో ఊరు పెట్టి, ఎంత దూరం దాకా డ్రైవ్ చేయగలరో అంత దూరం సెట్ చేస్తే తేదీలు వాటంతట అవే వస్తాయి. తర్వాత ప్రతి పేరు పక్కనా ఇప్పుడు స్టేజీ ఎక్కుతున్నది ఎవరో రాసుకోండి, చాలామంది వదిలేసేది ఈ పనే. లెనర్డ్ స్కినర్డ్ వ్యవస్థాపక సభ్యుల్లో ఆఖరివాడు గ్యారీ రాసింగ్టన్ 2023 మార్చిలో చనిపోయారు. ఫారినర్ పాటలన్నీ మనం విన్నది లూ గ్రామ్ గొంతులో, ఇప్పుడు పాడేది ఆయన కాదు. జీజీ టాప్‌లో డస్టీ హిల్ 2021లో పోయారు, బాస్ ఇప్పుడు ఎల్వుడ్ ఫ్రాన్సిస్ వాయిస్తున్నాడు, గిటార్ మాత్రం బిల్లీ గిబ్బన్స్‌దే, కాబట్టి వెళ్లొచ్చు. జర్నీ సంగతి వేరు. ఇప్పుడు పాడే ఆర్నెల్ పినేడా ఫిలిప్పీన్స్‌లో వేరేవాళ్ల పాటలు (కవర్లు) పాడుకునేవాడు, ఆ వీడియోలు యూట్యూబ్‌లో చూసి 2007లో జర్నీ గిటారిస్ట్ నీల్ షాన్ పిలిపించుకున్నాడు. పాత గాయకుడు స్టీవ్ పెరీ లేకపోతే ఇంకెందుకు అనేవాళ్లు ఒకసారి అతన్ని నేరుగా వినండి. నా వరకు గిటార్ పాతవాడిదైతే చాలు, గొంతు మారినా సర్దుకుంటాను. మీకు గొంతే ముఖ్యమైతే లిస్టులో సగం కొట్టేయాల్సి వస్తుంది, అదీ తప్పేం కాదు.

సెట్‌లిస్ట్ ఎఫ్ఎమ్ అని ఒక సైటు ఉంది, నిన్న రాత్రి ఏ ఊళ్లో ఏ పాటలు, ఏ వరసలో వాయించారో అభిమానులు అందులో ఎక్కిస్తారు. ఈ తరం బ్యాండ్లలో ఎక్కువమంది టూర్ అంతా దాదాపు ఒకే లిస్టు వాయిస్తారు. ఇంజనీరింగ్ హాస్టల్లో గిటార్ పట్టుకున్న ప్రతివాడూ మొదట నేర్చుకునే ఆ ఒక్క ఈగల్స్ పాట, "హోటల్ కాలిఫోర్నియా", ఎప్పుడొస్తుందో కూడా ముందే తెలిసిపోతుంది. దీనితో ఇంకో పెద్ద ఉపయోగం, కొత్త ఆల్బమ్ పాట ఎన్నోదో తెలిస్తే బాత్‌రూమ్‌కి ఎప్పుడు వెళ్లాలో తెలిసినట్టే. సస్పెన్స్ కావాలనుకునేవాళ్లు మాత్రం అటు చూడకండి. స్ప్రింగ్‌స్టీన్‌కి వెళ్తుంటే ఇది అంతగా పనికిరాదు, ఆయన తరచూ పాటలు మారుస్తారు.

ఇక డబ్బు. పెద్ద సమ్మర్ టూర్లు చాలావరకు ముందు ఏడాది నవంబర్ నుంచి మార్చి లోపల ప్రకటిస్తారు, మామూలు అమ్మకం తరచుగా శుక్రవారం ఉదయం పదింటికి మొదలవుతుంది, దానికి రెండు మూడు రోజుల ముందు క్రెడిట్ కార్డు ప్రీసేల్, ఫ్యాన్ క్లబ్ ప్రీసేల్ ఉంటాయి. ప్రీసేల్‌లో దొరికితేనే బాగుంటుంది అనేది పూర్తిగా నిజం కాదు. డిమాండ్‌ని బట్టి రేటు పెంచే సీట్లు కూడా ఆ క్యూలోనే కనిపిస్తాయి, టెన్షన్‌లో ఉన్న మనిషి తేడా గమనించకుండా కొనేస్తాడు. 2022లో స్ప్రింగ్‌స్టీన్ టికెట్లు అలా కొన్ని ఐదు వేల డాలర్ల దాకా వెళ్లి పెద్ద గొడవే అయింది. రేటు చూసి గుండె గుభేలుమంటే ట్యాబ్ మూసేయండి, అంతే. ఆంఫీథియేటర్ (ఆరుబయటి వేదిక) షోల్లో పెవిలియన్ సీట్లు, అంటే కప్పు కింద ఉండే కుర్చీలు, నిండకపోతే రోజు దగ్గర పడేకొద్దీ రీసేల్ రేట్లు దిగుతాయి, షో రోజు మధ్యాహ్నం నుంచి ఇంకా దిగుతాయి. లాన్ అయితే సరేసరి. కాకపోతే ఇది రోలింగ్ స్టోన్స్‌కీ, పాల్ మెకార్ట్‌నీకీ పనిచేసే చిట్కా కాదు.

లైవ్ నేషన్ వాళ్లు ఏటా మే నెలలో సమ్మర్ షోలకి తక్కువ రేటు ఆఫర్ పెడుతున్నారు. 2024లో కాన్సర్ట్ వీక్ పేరుతో 25 డాలర్లు, 2025లో 30 డాలర్లు, ఫీజులతో కలిపి. మన లిస్టులో ఉన్న బ్యాండ్లు అందులో బాగానే కనిపిస్తాయి, కాబట్టి లాన్ కోసం చూసేవాళ్లు మే దాకా ఆగితే మంచిది. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ఒకటి వచ్చింది, దాని ప్రకారం టికెట్ అమ్మే సైట్లు ఫీజులన్నీ కలిపిన రేటు మొదట్లోనే చూపించాలి. అంతకుముందు 39 అని చూపించి చివరి పేజీలో 60 చేసే వేషాలు ఉండేవి. ఇప్పుడు కనీసం రెండు సైట్ల రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. వెన్యూ మీ ఇంటి దగ్గరే అయితే బాక్సాఫీసు కౌంటర్ తెరిచే వేళలు కూడా కనుక్కోండి, కొన్నిచోట్ల అక్కడ కొంటే ఆన్‌లైన్ ఫీజు తగ్గుతుంది. పార్కింగ్ టికెట్‌లో కలిసి ఉందో, విడిగా కొనాలో కూడా అప్పుడే చూసుకోండి.

తేదీల దగ్గర మనవాళ్లకి ఉండే చిక్కులు వేరు. ఈ షోల్లో సగం మంగళవారం, బుధవారం, గురువారమే ఉంటాయి. టికెట్ మీద 7 అని రాసి ఉంటే అది ఓపెనర్ (ముందు వాయించే చిన్న బ్యాండ్) మొదలయ్యే టైమ్, అసలు బ్యాండ్ స్టేజీ ఎక్కేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది అవుతుంది, చాలాచోట్ల పదకొండుకల్లా షో ఆపేయాలి. ఈస్ట్ కోస్ట్‌లో తొమ్మిదంటే హైదరాబాద్‌లో తెల్లారి ఆరున్నర, అంటే సరిగ్గా ఆఫ్‌షోర్ కాల్ పెట్టుకునే వేళ. ఆ కాల్‌ని ముందు వారమే జరిపేయండి, గిటార్ సోలో మధ్యలో మ్యూట్ నొక్కుతూ నిలబడితే అటు కాల్‌కీ ఇటు షోకీ న్యాయం జరగదు. రెండు షోల మధ్య కనీసం వారం, పది రోజులు గ్యాప్ ఉంచుకుంటే చెవులకీ, పర్సుకీ, ఇంట్లోవాళ్ల ఓపికకీ మంచిది. గంటన్నర దాటి డ్రైవ్ ఉన్నవి శుక్రవారం, శనివారానికే పెట్టుకోండి.

ఏ వెన్యూ అనేది కూడా బ్యాండ్‌తో సమానమే. న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి హోమ్‌డెల్‌లో పీఎన్‌సీ బ్యాంక్ ఆర్ట్స్ సెంటర్ దగ్గర, గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 116వ ఎగ్జిట్. పదిహేడు వేల చిల్లర మంది పడతారు, అందులో ఎక్కువ భాగం లానే. లాంగ్ ఐలాండ్‌లో జోన్స్ బీచ్ నీళ్ల ఒడ్డున ఉంటుంది, జులైలో కూడా రాత్రి గాలి చలిగా కొడుతుంది, ఒక జాకెట్ ఉంచుకోండి. బే ఏరియా వాళ్లకి షోర్‌లైన్ ఉంది. గూగుల్ ఆఫీసు అడ్రస్‌లో ఆంఫీథియేటర్ పార్క్‌వే అని ఉంటుంది కదా, ఆ ఆంఫీథియేటర్ ఇదే. చెత్త పూడ్చిన నేల మీద 1986లో కట్టారు, మొదట్లో కింద నుంచి వచ్చే మీథేన్ వల్ల లాన్ మీద లైటర్ వెలిగిస్తే గడ్డి అంటుకున్న సందర్భాలున్నాయి, తర్వాత సరిచేశారులెండి. డల్లాస్ వాళ్లకి ఫెయిర్ పార్క్‌లో ఉన్న పెవిలియన్ ఉంది కానీ, జులై, ఆగస్టుల్లో అక్కడ లాన్ మీద కూర్చోమని నేను చెప్పను, నీడ ఉన్న సీటే కొనండి.

ఒక్క షోకి ఫ్లైట్ ఎక్కొచ్చు అనుకుంటే అది రెడ్ రాక్స్‌కే. డెన్వర్ పక్కన మారిసన్‌లో రెండు పెద్ద ఎర్రరాతి బండల మధ్య 1941లో తెరిచిన ఆంఫీథియేటర్, తొమ్మిదిన్నర వేల మంది పడతారు, ఎక్కడ కూర్చున్నా స్టేజీ కనిపిస్తుంది. 1964లో బీటిల్స్ ఇక్కడ వాయిస్తే టికెట్లన్నీ అమ్ముడుపోలేదట, ఇప్పుడు పింక్ ఫ్లాయిడ్ పాటలు వాయించే బ్రిట్ ఫ్లాయిడ్ లాంటి ట్రిబ్యూట్ బ్యాండ్‌కి కూడా జనం కిటకిటలాడతారు. ఎత్తు 6,450 అడుగులు, పైగా పార్కింగ్ నుంచి మెట్లే మెట్లు. దిగిన రోజే షోకి పరిగెత్తకుండా ఒక రోజు ముందు వెళ్లి నీళ్లు బాగా తాగండి. ఇక న్యూయార్క్ నుంచి రెండు గంటల దూరంలో బెథెల్ వుడ్స్, 1969లో వుడ్‌స్టాక్ రాక్ ఉత్సవం జరిగిన పొలం అదే. మొదటి రాత్రి వర్షంలో పండిట్ రవిశంకర్ సితార్ వాయించింది ఇక్కడే. పక్కనే మ్యూజియం ఉంది, దానికోసం మధ్యాహ్నమే వెళ్లండి.

లాన్ మీద మొదటిసారి వెళ్లేవాళ్లకి అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. గేట్లు తెరిచేది షోకి గంట, గంటన్నర ముందు. ఫోన్‌లో టికెట్ బార్‌కోడ్ కదులుతూ ఉంటుంది, స్క్రీన్‌షాట్ పనిచేయదు. గేటు దగ్గర వేల ఫోన్లు ఒకేసారి నెట్ కోసం కొట్టుకుంటాయి కాబట్టి ఇంట్లోనే టికెట్‌ని ఫోన్ వాలెట్‌లోకి ఎక్కించుకోండి. నలుగురి టికెట్లూ ఒక్క ఫోన్‌లో పెట్టుకుని ఒకడి కోసం ముగ్గురు ఎదురుచూసే తంతు లేకుండా ఎవరిది వాళ్లకి ముందే ట్రాన్స్‌ఫర్ చేసేయండి. లోపలికి వెళ్లగానే జనమంతా లాన్ ముందు అంచుకి పరిగెడతారు. వెళ్లకండి. పెవిలియన్ కప్పు అక్కడ సౌండ్‌కి అడ్డం పడుతుంది, పైగా కూర్చున్నవాళ్ల ముందు నిలబడేవాళ్లు, నడిచేవాళ్లు అక్కడే ఎక్కువ. మధ్యకి, కాస్త పైకి, లాన్ స్పీకర్ల వరస దాటకుండా దుప్పటి వేయండి, కింద ఒక ప్లాస్టిక్ షీటు వేస్తే తడి ఎక్కదు. ఎండ దిగేదాకా పక్క దుప్పటి మీద అరవై ఏళ్ల పెద్దాయన వీపు మీద ఊళ్లూ తేదీలూ అచ్చేసిన, ఉతికి ఉతికి వెలిసిపోయిన 1978 టూర్ టీ షర్టు వేసుకుని, ఈ బ్యాండ్‌ని మొదటిసారి ఎక్కడ చూశాడో అడగకుండానే చెప్తాడు. వినండి, ఓపెనర్ కంటే బాగుంటుంది. మొదటి హిట్ పాట మొదలవగానే అంతా లేచి నిలబడతారు, ఆ తర్వాత కుర్చీ ఉన్నా లేనట్టే.

కుర్చీ సంగతి వచ్చింది కాబట్టి, సొంత కుర్చీ కొన్ని వెన్యూల్లో తీసుకెళ్లనిస్తారు, కొన్నిచోట్ల వాళ్ల దగ్గరే అద్దెకి తీసుకోవాలి, ఒకే వెన్యూలో షోని బట్టి కూడా మారుతుంది. బ్యాగ్ రూల్ మాత్రం దాదాపు అంతటా ఒకటే, 12 అంగుళాలు 6 అంగుళాలు 12 అంగుళాల పారదర్శకమైన ప్లాస్టిక్ బ్యాగ్, లేదా అరచేతిలో పట్టే చిన్న పర్సు. ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో ఆఫీసు నుంచి నేరుగా వస్తే మళ్లీ కారు దాకా నడవాలి. చాలా ఆంఫీథియేటర్లలో గాలన్ సైజు జిప్‌లాక్ కవరులో తిండి, సీలు తీయని నీళ్ల సీసా తీసుకెళ్లనిస్తారు. వెజిటేరియన్లకి లోపల దొరికేది ఫ్రైసూ, పిజ్జా ముక్కా, అదీ ఘోరమైన రేటుకి. కాబట్టి ఆ కవరులో పులిహోర పెట్టుకోండి, ఎండలో పాడవదు, చల్లారినా బాగుంటుంది, చేత్తో తింటే ఎవరూ పట్టించుకోరు. పెరుగన్నం పార్కింగ్ లాట్‌లో కారు దగ్గరే కానిచ్చేయండి. గొడుగులు రానివ్వరు, డాలర్ స్టోర్ రెయిన్‌కోటు మడిచి జేబులో పెట్టుకోండి. వర్షం పడినా షో ఆగదు, మెరుపులు వస్తేనే ఆపి కార్లలోకి వెళ్లమంటారు.

చెవుల గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి, ఒక్క షో కాదు కదా మనం వెళ్లేది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగం అవుతుంది, 100 దగ్గరికి వచ్చేసరికి పదిహేను నిమిషాలే. రాక్ షోలో వంద దాటడం మామూలు. ఏసీ డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో వినికిడి పోయే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్పడంతో టూర్ మధ్యలో ఆపాల్సి వచ్చింది, మిగిలిన షోలు యాక్సిల్ రోజ్ పాడాడు. ది హూ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్‌కి కూడా ఇలాగే వినికిడి దెబ్బతింది. నురుగు ఇయర్‌ప్లగ్స్ పెడితే పాట దుప్పట్లోంచి విన్నట్టు ఉంటుంది, ఇరవై ముప్పై డాలర్లు పెట్టి మ్యూజిషియన్లు వాడే రకం కొనుక్కోండి, సౌండ్ తగ్గుతుంది కానీ గిటార్ గిటార్‌లాగే వినిపిస్తుంది. పిల్లల్ని తీసుకెళ్తే చెవుల మీద పెట్టే మఫ్స్ తప్పనిసరి.

ఇది కాస్త సీరియస్ విషయం. లాన్ మీద గంజాయి వాసన రాకపోతే ఆశ్చర్యపోవాలి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, కొలరాడోల్లో పెద్దవాళ్ల దగ్గర అది కొద్దిగా ఉండడం రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు కాదు, ఫెడరల్ చట్టం ప్రకారం మాత్రం ఇప్పటికీ నేరమే, వీసా, గ్రీన్ కార్డు వ్యవహారాలన్నీ ఫెడరల్ చట్టం కిందకే వస్తాయి. పక్కవాడు స్నేహంగా అందిస్తే నవ్వి వద్దనండి, మన స్టేటస్‌కి అది వద్దు. బీరు తాగి స్టీరింగ్ పట్టుకోవడం కూడా అంతే, డీయూఐ అరెస్టు అయితే కేసు తేలకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. నలుగురు వెళ్తే ఒకరు ఆ రోజు మంచినీళ్లే అని ఇంటి దగ్గరే తేల్చుకోండి.

సమ్మర్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనీ తీసుకెళ్లొచ్చు, కానీ లాన్‌కి వద్దు. వాలు నేల, చీకట్లో దిగడం కష్టం. పెవిలియన్‌లో నడవా పక్క సీట్లు తీసుకోండి, మోకాళ్ల నొప్పులుంటే వెన్యూకి ఫోన్ చేసి మెట్లు లేని సీట్ల గురించి అడగండి, మర్యాదగానే చెప్తారు. సంతానాతో మొదలుపెడితే మేలు, మాటలు అర్థం కాకపోయినా గిటార్, డ్రమ్స్ పట్టుకుని కూర్చోబెడతాయి.

రద్దయ్యే షోలకి మొదట్నుంచే సిద్ధంగా ఉండండి. రద్దయితే కొన్న సైటు డబ్బు వెనక్కి ఇస్తుంది, వాయిదా పడితే మాత్రం మీ టికెట్ కొత్త తేదీకి చెల్లుతుంది అంటారు, రిఫండ్ అడిగే గడువు ఇస్తే అది మెయిల్‌లో ఎక్కడో కింద ఉంటుంది. 2024లో హార్ట్ బ్యాండ్ గాయని ఆన్ విల్సన్‌కి కేన్సర్ చికిత్స వల్ల వాళ్ల టూర్ వాయిదా పడి 2025కి వెళ్లింది. 2025లో స్టీవ్ మిల్లర్ బ్యాండ్ అయితే విపరీతమైన ఎండలు, వరదలు, తుఫాన్లు కారణమని చెప్పి సమ్మర్ టూర్ మొత్తం రద్దు చేసింది. అందుకే హోటల్, ఫ్లైట్ క్యాన్సిల్ చేసుకోగలిగేవే తీసుకోండి, టికెట్ క్రెడిట్ కార్డుతోనే కొనండి, ముఖం తెలియనివాడికి జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపి కొనకండి.

చివరి పాటకి ముందే వెళ్లిపోయేవాళ్లని చూసి మీరూ లేవకండి, ఆ బ్యాండ్‌ని ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న పాట సాధారణంగా ఎన్‌కోర్‌లోనే (ఒకసారి దిగిపోయి మళ్లీ వచ్చి వాయించేవాటిలో) ఉంటుంది. కారుని లోపలికి వచ్చేటప్పుడే బయటికి దారి ఉన్న వైపు, ముక్కు రోడ్డుకి పెట్టి ఆపుకుంటే చాలు. అయినా ముప్పావుగంట కదలదు. డిక్కీ తీసి మిగిలిన పెరుగన్నం తినేయండి, ఈలోపు లాట్ ఖాళీ అవుతుంది.